దుమ్మంటని ఫిల్టరు

నిన్న మధ్యాహ్నం మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడారు. పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆవిడ నాకు ఏం చెప్పాలన్నా మా ఆవిడ మీదుగానే చెప్పేవారు. నేను రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే, "అమ్మాయీ, అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడుగు" అనేవారు. అంతటి మర్యాద నిన్న మూడు గంటల ఇరవై నిమిషాలకు ముగిసింది. కారణం మూడు ఫ్యాన్లు.

గబగబా చెప్పేస్తాను. నాది పెళ్ళి వీడియోలు కూర్చే పని. ఉండేది ఆత్రేయపురంలో, అత్తవారింట్లో. పాత కంప్యూటర్ ప్రాణం విడిచింది. మాఘమాసం ముహూర్తాలు మీద పడుతున్నాయని సంక్రాంతికి ముందే రాజమండ్రిలో కొత్తది కట్టించాను. దుకాణం పేరు చెప్పను, చెబితే వాళ్ళకు ఉచితంగా ప్రచారం. హైదరాబాద్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేసే మా బావమరిది ఫోనులో చెప్పిందంతా కాగితం మీద రాసుకుని మరీ వెళ్ళాను. "బావగారూ, ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి. పైన ఒకటి వేడిగాలిని బయటికి తోయాలి. వచ్చే గాలి ఎక్కువ, పోయే గాలి తక్కువ ఉంటే పెట్టెలో ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికి పోతుందే కాని దుమ్ము లోపలికి రాదు. గాలి వచ్చే దారిలో మాత్రం ఫిల్టరు పెట్టుకోండి" అన్నాడు. దీన్ని పాజిటివ్ ప్రెజర్ అంటారట. నాకు వెంటనే అర్థమైంది. సంక్రాంతికి మా అత్తవారిల్లూ అంతే. వచ్చినవాళ్ళు ఎక్కువ, వెళ్ళినవాళ్ళు తక్కువ, కొత్తవాడు దూరడానికి సందు ఉండదు.

కాగితం కౌంటరు మీద పెట్టాను. కుర్రాడు చదివాడు, తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని నేను నమ్మాను. నా తప్పంటూ ఉంటే అదొక్కటే, మిగతాదంతా వాడిది.

పచ్చటి గోదావరి డెల్టాలో దుమ్మెక్కడిదని పైఊళ్ళవాళ్ళు అడుగుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర పుణ్యాన మాకు సార్వా, దాళ్వా రెండు పంటలు. రెండు పంటలంటే రెండు కోతలు, రెండు కోతలంటే రెండుసార్లు నూగు. దొరను నేనేమీ అనడం లేదు, ఆయన విగ్రహానికి దండలు వేసే చోట పుట్టినవాణ్ణి. కాని పక్క చేలో కోత మిషను తిరుగుతుంటే లేచే ఆ బంగారు రంగు పొగ కిటికీ మూసినా ఆగదు. తరువాత ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తారు, దాని మీదుగా బస్సు పోతుంది. కొబ్బరి పీచు సరేసరి. ఇవి చాలవన్నట్టు మా వీధిలో ఇంటింటా పూతరేకుల పొయ్యిలు, వాటిలో ఎండు కొబ్బరాకు మంట, దాని నుంచి లేచే నల్లటి పేలికల బూడిద. ఇక నా కంప్యూటర్‌కు సరిగ్గా పైన దేవుడి అలమర, అందులో రోజుకు నాలుగు అగరొత్తులు.

అందుకే ఫిల్టరు విషయంలో ఎవరి మాటా వినలేదు. మొదట దోమతెర ముక్క కట్టాను. అది దోమకు అడ్డమే కాని నూగుకు సింహద్వారం. తరువాత మా ఆవిడ పాత వాయిలు చీర చెంగు రెండు పొరలు వేసి బిగించాను. దుమ్ము మాట దేవుడెరుగు, గాలే గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఫ్యాన్లు ఆయాసపడి హోరెత్తాయి. నేత ఎంత సన్నమైతే దుమ్ము అంత ఆగుతుంది, గాలీ అంతే ఆగుతుంది. ఈ బేరం కుదరకనే కాబోలు, ఎక్కువ గాలి తోలే ఫ్యాన్లు వేరుగా, అడ్డును ఎదిరించి తోసే ఫ్యాన్లు వేరుగా చేస్తారు. చివరికి అంచున అయస్కాంతం ఉన్న నల్ల నైలాను జాలీలు తెప్పించాను. నా ఫ్యాన్లు 120 మిల్లీమీటర్లవి, వచ్చిన జాలీలు 140వి. వెనక్కి పంపి, మళ్ళీ తెప్పించి, పెట్టె ముందు భాగానికి ఠపీమని అతికించాను.

అక్కడి నుంచి నా వైభవం చూడాలి. జనవరి పోయింది, ఫిల్టరు మీద దుమ్ము లేదు. ఫిబ్రవరి పోయింది, లేదు. దాళ్వా కోతలు మొదలయ్యాయి, బల్ల మీద వేలితో పేరు రాయగలిగేంత దుమ్ము, నా ఫిల్టరు మాత్రం కొన్ననాటి నలుపు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళనూ వంగోబెట్టి చూపించాను. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి చూపించాను. నెలకోసారి తీసి కడగాలని అట్టపెట్టె మీద రాసి ఉంది. కడగడానికి ఏముంది? నా ఏర్పాటు అంత పకడ్బందీగా ఉందనుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే సూచనలు లేకపోలేదు. సంక్రాంతి చలిలో రాత్రి పని చేస్తుంటే పెట్టె ముందు నుంచి మోకాళ్ళకు వెచ్చగా తగిలేది. ఎంత మంచి కంప్యూటరో అనుకున్నాను. పైన మూత మీద అగరొత్తి బూడిద పడేది కాని నిలిచేది కాదు, తుడవకుండానే శుభ్రంగా ఉండేది. అది దేవుడి మహిమ అనుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఉష్ణోగ్రత 97 డిగ్రీలు చూపించింది. గదిది కాదు, ప్రాసెసర్‌ది. సరిగ్గా తాళి కట్టే ఘట్టం దగ్గర కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను. పెళ్ళికొడుకు చేతులు ఎత్తాడు, ఆగిపోయింది. మూడోసారి కూడా ఆ పిల్ల మెడలో మూడు ముళ్ళూ పడలేదు. పెళ్ళికొడుకు తండ్రి ఫోను చేసి, "మనవడి బారసాలకైనా పెళ్ళి వీడియో అందుతుందా అండీ" అని చాలా నెమ్మదిగా అడిగారు. గోదావరి జిల్లాలవాళ్ళు నెమ్మదిగా అడిగారంటే అది తిట్టే.

బావమరిదికి ఫోను చేశాను. "ఫ్యాన్లు ఎటు తిరుగుతున్నాయో చూశారా బావగారూ? పల్చటి కాగితం ముందు పెట్టండి. అతుక్కుంటే గాలి లోపలికి పోతున్నట్టు, ఎగిరితే బయటికి వస్తున్నట్టు" అన్నాడు.

పల్చటి కాగితం. ఇల్లంతా వెతికాను. ఉన్నవల్లా కరెంటు బిల్లులు, శుభలేఖలు. శుభలేఖ ఎగరాలంటే తుపాను రావాలి. అప్పుడు వసారాలో చాప మీద అత్తగారి రేకుల దొంతర కనిపించింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. తిన్నవాళ్ళకు పూతరేకు అంటే నెయ్యి, పంచదార, ఒక్క గుటక. చేసేవాళ్ళకు అది వేరే సంగతి. జయ బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పల్చగా జారుగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ వీపు మీద ఒకే ఒక్క లాగు లాగుతారు. కళ్ళు మూసి తెరిచేలోగా పిండి ఆరి, తెల్లటి పొరగా అంచు లేస్తుంది. దాన్ని ఒలిచి పక్కన పెడతారు. ఎదురుగా పట్టుకుంటే అవతలి మనిషి ముఖం కనిపిస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫ్యాన్ల పరీక్షకు పనికివస్తాయని ఆ పత్రంలో రాసి ఉండరు, కాని లోకంలో ఇంతకంటే పల్చటి తినదగిన కాగితం ఉంటే నాకు చూపించండి.

అత్తగారు పెరట్లో ఉన్నారు. ఒక రేకు తీశాను. పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, ఫిల్టరుకు జానెడు దూరంలో పెట్టాను. ఎగిరి నా కళ్ళజోడుకు అతుక్కుంది.

ఇంతటితో తెలియాలి కదా. తెలియలేదు. సీలింగ్ ఫ్యాను గాలికి ఎగిరిందని నిర్ణయించాను. దాన్ని ఆపి, చెమటలు కక్కుతూ రెండో రేకు తెచ్చాను. అదీ ఎగిరింది, ఈసారి గడ్డానికి తగిలి పొడి అయింది. రేకు పెళుసుగా ఉంది కనుక పరీక్షకు పనికిరాదని తేల్చాను. మూడు నెలలుగా దుమ్మంటని ఫిల్టరును అనుమానించడం కంటే బియ్యప్పిండిని అనుమానించడం తేలిక. సరే, ముందు సంగతి తరువాత చూద్దాం, పైన గాలి బయటికి వస్తోందో లేదో చూద్దామనుకున్నాను. మెత్తటి రేకు కావాలి. పళ్ళెంలో అత్తగారు అప్పుడే నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడత పెట్టకుండా వదిలిన రేకు ఒకటి ఉంది. పొడి దులిపాను. దులిపాననే అనుకున్నాను.

దాన్ని మూత మీద ఫ్యాను జాలీకి ఎగువన జెండాలా పట్టుకున్నాను. పైకి రెపరెపలాడుతుందని నా అంచనా. రేకు ఒక్క క్షణం ఆలోచించింది. తరువాత నా వేళ్ళ మధ్య నుంచి, బావిలో చేద జారినట్టు, సర్రున కిందికి పోయింది. గరగరమని ఒక శబ్దం. పక్కన అద్దం పలక వెనక, ఎర్ర నీలం దీపాల మధ్య, తెల్లటి ముక్కలు సుడులు తిరుగుతూ రాలాయి. పంచదార మెరుస్తోంది. పెళ్ళి వీడియోల్లో జంట మీద పూలవాన కురిపించడానికి నేను విడిగా డబ్బు తీసుకుంటాను, అచ్చం అలాగే ఉంది.

వెనక నుంచి "అమ్మాయీ" అని వినిపించింది. అలవాటుగా మొదలుపెట్టి అత్తగారు ఆగిపోయారు. అమ్మాయి రావులపాలెం వెళ్ళింది, మధ్యవర్తి లేదు. చేతిలో తడి గుడ్డతో ఆవిడ పళ్ళెం వైపు చూశారు, నా గడ్డం మీది పిండి వైపు చూశారు, పెట్టె వైపు చూశారు. దగ్గరికి వచ్చి, ఫిల్టరు ముందు అరచెయ్యి పెట్టారు. తరువాత పైన పెట్టారు.

"ఇది పీల్చడం లేదండీ, ఊదుతోంది. పైనేమో పీలుస్తోంది. గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకోకుండా పొయ్యి పెట్టుకుంటారా ఎవరైనా?"

ఆరు క్షణాలు పట్టింది ఆవిడకు. నాకూ, నా బావమరిదికీ, రాజమండ్రి నిపుణుడికీ కలిపి మూడు నెలలు.

ఫిల్టరు ఊడదీశాను. బయటి వైపు నిగనిగలాడుతోంది. తిప్పి చూస్తే లోపలి వైపు దుమ్ము కంబళిలా పేరుకుని ఉంది. నూగు, పీచు, కొబ్బరాకు బూడిద, అగరొత్తి బూడిద, చందనం వాసన కూడా. వాటి మీద తాజాగా నెయ్యి అంటిన రేకు ముక్కలు. ఫిల్టరు పని చేయలేదని ఎవరూ అనకూడదు. పైనుంచి వచ్చిన దుమ్మునంతా పెట్టెలోంచి బయటికి పోనీయకుండా మూడు నెలలు కాపలా కాసింది.

దుకాణానికి ఫోను చేశాను. అదే కుర్రాడు. "మీ కాగితంలో ముందు రెండు, పైన ఒకటి అని ఉంది, అలాగే పెట్టాం కదా సార్" అన్నాడు. ఎటు తిప్పి పెట్టాలో కూడా రాశాను కదా అన్నాను. "లైట్లున్న అందమైన వైపు ముందువాటికి పక్క అద్దంలోంచి, పైదానికి మూతలోంచి కనబడేలా బిగించాం సార్. అందరూ అదే అడుగుతారు. అయినా ఫ్యాను చట్రం మీద బాణం గుర్తు ఉంటుంది, మీరు చూసుకోవాల్సింది." బాణం ఉంది. చట్రంలో కలిసిపోయిన రంగులో, బియ్యపు గింజంత. బిగించినవాడికి కనిపించనిది కొన్నవాడికి కనిపించాలట. ఫ్యానుకు నాలుగు మరలు, మూడు ఫ్యాన్లకు పన్నెండు, తిప్పి బిగించడం నాకూ వచ్చు. కాని లోపల నెయ్యి సంగతేమిటి? ఆ మాట చెప్పగానే ఫోను యజమానికి ఇచ్చాడు. నెయ్యి తగిలితే వారంటీ వర్తించదని ఆయన ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు.

రాత్రి తెల్లవారేసరికి చీమలు వచ్చాయి. చిన్న ఎర్ర చీమలు, వెనక సందుల్లోంచి, బారుగా. ఒత్తిడి ఎక్కువైనా తక్కువైనా వాటికి ఒకటే.

ఇందాక యజమానే ఫోను చేశాడు. శుభ్రం చేసి, ఫ్యాన్లు తిప్పి ఇస్తాడట, ఆదివారం లోపు పట్టుకు రమ్మన్నాడు. గంతులేసినంత పని చేశాను. "మీది ఆత్రేయపురమే కదండీ?" అన్నాడు. అవునన్నాను.

"అయితే వచ్చేటప్పుడు ఒక పెట్టె పట్టుకురండి. పంచదారవి వద్దు, బెల్లంవి."

వసారాలో అత్తగారు పెట్టె కడుతున్నారు. నిన్నటి మూడు రేకులూ లెక్కలో కలిపానని, డబ్బులు అల్లుడుగారి దగ్గర తీసుకోమని, అమ్మాయికి చెబుతున్నారు.