కన్నానికి పట్టా ఇప్పించండి

అనుమతి లేకుండా లేపిన అంతస్తుకి మన రాష్ట్రంలో బీపీఎస్ వచ్చింది, జరిమానా కడితే సక్రమం చేసే స్కీము. అప్రూవల్ లేని లేఅవుట్‌లో కొన్న స్థలానికి అలాంటిదే ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. కొండవాలులో నాలుగు రేకులు వేసుకుని ఓపిగ్గా కూర్చుంటే ఏదో ఒక ఎన్నికల ముందు పట్టా కూడా చేతికొస్తుంది. మరి మా ఆఫీసు వెబ్‌మెయిల్‌లో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా కాపురం ఉన్న కన్నం, అంటే దొంగలు దూరగలిగే లోపం, ఏం పాపం చేసిందండీ? దాన్ని కూడా రెగ్యులరైజ్ చేసేయాలన్నది నా డిమాండ్. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. విశాఖ పోర్టు పక్కన ఓ చిన్న షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. ఆరేళ్ల కిందట ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగి పడేసిన పాపానికి, ఆ రోజు నుంచి ఆఫీసులో కరెంటుతో నడిచేవన్నీ నా నెత్తినే పడ్డాయి, సర్వర్ నుంచి ఫ్యాన్ రెగ్యులేటర్ దాకా. మా మెయిల్ అంతా రౌండ్‌క్యూబ్ మీద నడుస్తుంది. బ్రౌజర్‌లోనే మెయిల్ చూసుకునే, ఉచితంగా దొరికే వెబ్‌మెయిల్ అది, కూరగాయలు కొంటే కరివేపాకు పడేసినట్టు చాలా హోస్టింగ్ కంపెనీలు ప్యాకేజీతో పాటే పడేస్తాయి. కరివేపాకు గురించి ఎవరు మాత్రం పట్టించుకుంటారు?

2025 జూన్ 1న ఆ రౌండ్‌క్యూబ్ వాళ్లు ఆ కన్నం పూడ్చడానికి 1.6.11 అని, 1.5.10 అని రెండు కొత్త వెర్షన్లు వదిలారు. సంగతేమిటంటే, సెట్టింగుల్లో బొమ్మ అప్‌లోడ్ చేసే చోట, వెబ్ అడ్రస్‌తో పాటు వెళ్లే ఒక చిన్న ముక్కని ఈ సాఫ్ట్‌వేర్ సరిచూడటం మర్చిపోయింది. దాన్ని పట్టుకుని లాగిన్ అయినవాడెవడైనా ఏకంగా సర్వర్ మీదే తన కోడ్ నడిపించుకోవచ్చు. తీవ్రత 10కి 9.9 అన్నారు, మా కాలనీలో కోచింగ్‌కి వెళ్లే పిల్లలకి ఏ పరీక్షలోనూ రాని మార్కులవి. అసలు విశేషం ఇంకోటి. ఆ కన్నం దాదాపు పదేళ్లుగా అక్కడే ఉందట! మన 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం పరాయివాడి స్థలాన్ని 12 ఏళ్ల పాటు బహిరంగంగా, అడ్డు చెప్పేవాడు లేకుండా అనుభవిస్తే అసలు ఓనరు ఖాళీ చేయించే హక్కే పోతుంది. అంటే ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే ఆ కన్నం చట్టప్రకారం సర్వర్‌కి యజమాని అయ్యేది, మేమే దానికి అద్దె కట్టుకునేవాళ్లం. సరిగ్గా ఈ టైముకొచ్చి ప్యాచ్, అంటే కన్నం పూడ్చే అతుకు, వేసి దాని నోటి దగ్గర కూడు లాగేశారు.

లాగిన్ అయితేనే కదా ప్రమాదం, బయటివాడికి ఎలా కుదురుతుంది అంటారా? మా సార్ పాస్‌వర్డ్ అప్పన్న పేరు, పక్కన ఒకటి రెండు మూడు. టేబుల్ గ్లాసు కింద, పోర్టు వాళ్లిచ్చిన క్యాలెండర్ ముక్క మీద, మార్కర్‌తో రాసి ఉంటుంది. కళ్లజోడు లేకపోయినా కనబడాలని కాస్త పెద్ద అక్షరాలతోనే రాశారు. టీ తెచ్చే కుర్రాడికి కూడా నోటికొచ్చు.

ఇంతకీ నా అసలు వాదన వినండి. ప్యాచ్ వేయడమే ప్రమాదం. గోడకి ఎక్కడ కన్నం ఉందో సరిగ్గా అక్కడే కొత్త సిమెంటు పూస్తే, ఆ తడి సిమెంటు చూసిన దొంగకి అదే గోడ ఉన్న మిగతా ఇళ్లలో ఎక్కడ తవ్వాలో ఎవరైనా చెప్పాలా? పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కన పెట్టుకుని ఏ లైను మారిందో చూసుకుని, రెండు రోజుల్లోనే కన్నం వేసే పనిముట్టు తయారుచేసి అమ్మకానికి పెట్టేశారు. వారం గడిచాక లెక్క చూస్తే ఇంకా ప్యాచ్ పడని సర్వర్లు ప్రపంచం మొత్తం మీద 84 వేల పైచిలుకు తేలాయి. అందులో మాదీ ఒకటి. అంతర్జాతీయ స్థాయి లెక్కల్లోకి మా ఆఫీసు ఎక్కడం అదే మొదటిసారి.

ఇంకో పాత కథ ఉంది, అదంటే నాకు చచ్చేంత ఇష్టం. మెయిల్‌లో వచ్చిన బొమ్మల్లో దొంగ కోడ్ ఏమైనా ఉందేమో చూసి తీసేసే కాపలా ఒకటి రౌండ్‌క్యూబ్‌లో ఉంటుంది, అచ్చం మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాగే. మా వాచ్‌మన్‌కి సెక్రటరీ గారు ఒక చీటీ ఇచ్చారు, ఫలానా పేరు గలవాణ్ణి రానివ్వొద్దని. ఆ ఫలానావాడు వచ్చి రిజిస్టర్‌లో ఇంటిపేరుకీ తన పేరుకీ మధ్య కాస్త ఎక్కువ చోటు వదిలి రాసి దర్జాగా లోపలికి వెళ్లాడు. మావాడు చీటీ చూశాడు, రిజిస్టర్ చూశాడు, రెండూ వేరే అనుకుని మళ్లీ ఫోన్‌లో మునిగిపోయాడు. రౌండ్‌క్యూబ్‌లో జరిగిందీ ఇదే. ఎస్‌వీజీ అనే రకం బొమ్మలో ఉండకూడని ఒక మాట పక్కన ఒక్కటంటే ఒక్క స్పేస్ ఎక్కువ కొట్టారు. కాపలావాడు ఇది వేరే మాట అనుకుని వదిలేశాడు, బ్రౌజర్ మాత్రం ఆ స్పేస్‌ని పట్టించుకోకుండా చెప్పిన పని చేసేసింది. దీనికి 2024 మేలోనే మందు వచ్చింది. జూన్‌లో, పాత సోవియట్ వైపు దేశం ఒకదాని ప్రభుత్వ సంస్థకి ఒక మెయిల్ వెళ్లింది. తెరిచి చూస్తే అందులో ఒక్క అక్షరం లేదు, ఒక అటాచ్‌మెంట్ తప్ప. ఖాళీ మెయిలే కదా అని వాళ్లు చూస్తుండగానే వెనకాల కోడ్ నడిచి మెయిళ్లు తోడుకోవడం మొదలుపెట్టింది, పైగా పేజీలోనే లాగిన్ పెట్టెలు చూపించి పాస్‌వర్డ్ కూడా మర్యాదగా అడిగింది. మందు అల్మారాలో ఉంది, రోగం నెల తర్వాత వచ్చింది. మందు ఎందుకు వేసుకోలేదని అడగకండి, వాళ్ల సార్ కూడా మా సార్ లాంటివారే అయ్యుంటారు.

రౌండ్‌క్యూబ్ ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదులెండి. 1999లో హాట్‌మెయిల్‌లో ఎవరి అకౌంటైనా ఒకే పాస్‌వర్డ్‌తో తెరుచుకున్న రోజులున్నాయి. ఆ పాస్‌వర్డ్ రెండే అక్షరాలు, ఈ, హెచ్. పలికి చూడండి. ఎహె! మనం విసుక్కునే మాటతో ప్రపంచంలో అందరి ఉత్తరాలూ తెరుచుకున్నాయంటే తెలుగువాడిగా ఆ మాత్రం గర్వపడొద్దా?

మా సార్ నిర్లక్ష్యం మనిషి అనుకుంటే పొరపాటు. ఉప్పుగాలికి మా ఊళ్లో ఇనుము ఎలా తినేస్తుందో తెలుసు కదా, ఆఫీసు గేటుకి ఏటా వానల ముందు ఉప్పుకాగితంతో గీకించి, రెడ్ ఆక్సైడ్ వేయించి, పైన నల్ల రంగు రెండు కోట్లు కొట్టిస్తారు. దగ్గరుండి కుర్చీ వేసుకుని మరీ కూర్చుంటారు, పైంటర్ కింద మూల వదిలేస్తే వేలు పెట్టి చూపిస్తారు. జూన్ రెండో వారంలో, ఆ రంగు ఆరుతుండగానే వెళ్లి అడిగాను, సార్, మెయిల్ సర్వర్ అప్‌డేట్ చేయాలి, ఒక్క గంట ఆపితే చాలు అని.

"బానే పన్జేస్తంది కదేటి బాబూ, మరెందుకు దాన్ని కెలకడం?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి. ఆ వారం షిప్ ఉందన్నారు. తర్వాత జీఎస్టీ రిటర్నులు. ఆ తర్వాత ఆషాఢం, ఏ పనీ మొదలుపెట్టరు. శ్రావణంలో వాళ్లమ్మాయి నిశ్చితార్థం. సింహాచలంలో అప్పన్న స్వామి అయినా ఏడాదికోసారి చందనం తీసి నిజరూప దర్శనం ఇస్తాడు, మా సర్వర్ అడ్మిన్ పేజీకి ఆపాటి ముహూర్తం కూడా కుదరలేదు.

పోనీ దాడి జరిగితే ఏం చేయాలో రూల్స్ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ చెప్పింది, విషయం తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకి రిపోర్ట్ చేయాలట. మా ఆఫీసులో కొత్త చెక్‌బుక్ కావాలంటే ఎవరిని అడగాలో తేలడానికే ఆరు గంటలు పడుతుంది. అయినా ఆ గడియారం నడిచేది విషయం తెలిశాక కదా, మేము తెలుసుకునే రకం కాదు.

అందుకే పట్టా అడుగుతున్నాను. నామమాత్రం ఫీజు కట్టించుకుని, సర్వే నంబరు వేసి, కన్నానికి ఒక చిన్న తలుపు పెట్టించి, కావాలంటే కాలింగ్ బెల్ కూడా బిగించి…

ఉండండి, లోపల్నుంచి సార్ పిలుస్తున్నారు. ఏదో మెయిల్ వచ్చిందట. అందులో ఏమీ కనబడట్లేదట, ఒక అటాచ్‌మెంట్ తప్ప. నాలుగుసార్లు తెరిచి చూశారట. మళ్లీ లాగిన్ అడుగుతుంటే పాస్‌వర్డ్ కూడా కొట్టారట, ఒకసారి తప్పు పడిందేమోనని రెండోసారి మెల్లగా కొట్టారట. ఆయన సిస్టమ్‌లోనే ఏదో తేడా ఉందని, నా దాంట్లో అయినా కనబడుతుందేమో చూడమని నాకు ఫార్వర్డ్ చేశారట.