అసమానతకు చిరునామా ఏది?

2009 ఏప్రిల్ 15న అమెరికాలో వందల ఊళ్లలో 'టీ పార్టీ' అనే రాజకీయ ఉద్యమపు ర్యాలీలు జరిగాయి. ఆదాయ పన్ను రిటర్నులకు అదే ఆఖరి రోజు. కొన్ని ఊళ్లలో వాన కురిసి జనం పలచబడ్డారు. మరికొన్ని చోట్ల తెరిపిగా ఉండటంతో బాగా పోగయ్యారు. వాన మనుషుల రాజకీయాలు చూసి కురవదు కదా. అందుకే కొందరు ఆర్థికవేత్తలు ఆ ఒక్క తేడాను పట్టుకుని, తర్వాత ఎక్కడ ఏమైందో లెక్క తీశారు. వాన పడని చోట్ల 2010 ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీకి ఓట్లు పెరిగాయి. అదీ ర్యాలీకి అదనంగా వచ్చిన మనుషుల సంఖ్యను మించి పెరిగాయి. వచ్చినవాళ్లు ఇంటికెళ్లి ఊరుకోలేదన్నమాట, ఇరుగుపొరుగును కూడా కదిపారు. ఆ ప్రాంతాల ప్రతినిధులు చట్టసభలో ఓటేసే తీరు సైతం అటే మొగ్గింది.

'రోడ్డెక్కితే ఏం ఒరుగుతుంది?' అన్న ప్రశ్నకు నేను చూసిన జవాబుల్లో ఇది చాలా సూటిది. ఒరుగుతుంది. కాకపోతే ఆ ర్యాలీలు అసమానత తగ్గాలని జరిగినవి కావు, పన్నులూ ప్రభుత్వ ఖర్చూ తగ్గాలని జరిగినవి. వీధికి ఉన్న బలం ఎప్పుడూ పేదవాడి వైపే ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు. పన్ను తగ్గించమనేవాళ్లు ఆ బలాన్ని వాడుకుంటుంటే, సంపద పంచమని అడగాల్సినవాళ్లు దండగమారి పని అని ఇంట్లో కూర్చుంటే, తక్కెడ ఎటు ఒరుగుతుందో వేరే చెప్పాలా?

ఓటు ఉండగా వీధి ఎందుకని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ అనే ఇద్దరు రాజనీతి పరిశోధకులు 1981 నుంచి 2002 వరకు అమెరికాలో చర్చకొచ్చిన 1,779 విధాన నిర్ణయాలను పరిశీలించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. సంపన్నులు ఏం కోరుకున్నారు, సంఘటిత ప్రయోజన బృందాలు ఏం కోరుకున్నాయి, సగటు పౌరుడు ఏం కోరుకున్నాడు అని విడదీసి చూస్తే, చివరివాడి కోరికకు ఉన్న సొంత ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. ఆ లెక్క మీద తర్వాత వాదాలు నడిచాయి. తేడా మరీ అంత పెద్దది కాదన్నవాళ్లూ ఉన్నారు. ఎంత తగ్గించి చూసినా ఒక మాట మిగులుతుంది. ఒక ఎన్నికకూ మరో ఎన్నికకూ మధ్య డబ్బున్నవాడికి చాలా తలుపులు తెరిచి ఉంటాయి: లాబీయింగ్, విరాళం, నేరుగా ఒక ఫోన్. ఇవేవీ లేనివాడు చేయగలిగింది, తనలాంటి మరో వెయ్యి మందితో కలిసి కనబడే చోట నిలబడటమే.

కాబట్టి నిరసన తెలపాలా వద్దా అన్నది నాకు పెద్ద ప్రశ్నగా తోచదు. చిక్కు వేరే చోట ఉంది. అసమానత ఒక నిష్పత్తి. దాని మీద ఎవరూ సంతకం పెట్టలేదు, ఏ ఆఫీసు గుమ్మం మీదా దాని బోర్డు లేదు. బస్సు చార్జీ పెరిగితే పెంచినవాళ్లెవరో తెలుస్తుంది, వెళ్లి నిలదీయొచ్చు. ఏళ్ల తరబడి జీతాల వాటా కొద్దికొద్దిగా తరిగి, లాభాల వాటా కొద్దికొద్దిగా పెరిగితే ఎవరి ఇంటి ముందు బైఠాయించాలి?

2011 సెప్టెంబర్ 17న న్యూయార్క్‌లోని జుకోటీ పార్కులో మొదలైన, అసమానతను నిరసించిన 'ఆక్యుపై వాల్ స్ట్రీట్' ఉద్యమం సరిగ్గా ఈ గోడకే కొట్టుకుంది. గుడారాలు వేసుకున్నారు, అందరూ కలిసి సభలు పెట్టుకున్నారు. డిమాండ్ల జాబితా మాత్రం ఇవ్వబోమన్నారు. జాబితా ఇస్తే అందులో రెండు తీర్చి మిగతావి మరిపిస్తారన్నది వాళ్ల భయం. అది ఒట్టి భయమేమీ కాదు, దాని సంగతి కిందికి వస్తాను. నవంబర్ 15న పోలీసులు పార్కు ఖాళీ చేయించేనాటికి వాళ్లు చట్టపరంగా సాధించింది శూన్యం. కానీ 'మేము 99 శాతం' అన్న మాట మిగిలింది. అంతవరకు సామాన్యుడు తన జీతాన్ని పక్కింటివాడి జీతంతో పోల్చుకునేవాడు. ఆ తర్వాత పై ఒక్క శాతంతో పోల్చి చూడటం నేర్చుకున్నాడు. నా లెక్కలో ఇది చిన్న విషయం కాదు.

ఏడాది తిరిగేసరికి, 2012 నవంబర్ 29న, అదే నగరంలో దాదాపు 200 మంది ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు పని ఆపేసి బయటికొచ్చారు. గంటకు 15 డాలర్లు, యూనియన్ పెట్టుకునే హక్కు అని రెండే రెండు అడిగారు. అప్పటికి ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) కనీస వేతనం 7.25 డాలర్లు, అంటే దానికి రెట్టింపు పైనే. గొంతెమ్మ కోరిక అన్నారు చాలామంది. 2016లో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు దశలవారీగా 15 డాలర్లకు చేరేలా చట్టాలు చేశాయి. 200 మందితో మొదలైన పని! జనం సంఖ్యలో ఆక్యుపైతో దీనికి పోలికే లేదు. తేడా ఎక్కడుందంటే, వీళ్ల డిమాండ్‌లో ఒక అంకె ఉంది, అడగడానికి ఒక యాజమాన్యం, ఒక శాసనసభ ఉన్నాయి, వెనక నిలబడటానికి సేవారంగ ఉద్యోగుల పెద్ద యూనియన్ ఉంది. అయినా గెలుపు సంపూర్ణం కాలేదు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి ఇప్పటికీ 7.25 దగ్గరే ఉంది, యూనియన్ డిమాండ్ చాలావరకు తీరలేదు.

అంకె ఉంటే చాలా అంటే, ఫ్రాన్స్ చూడాలి. 2018 నవంబర్ 17న లక్షల మంది పసుపు చొక్కాలు తొడుక్కుని రోడ్ల కూడళ్లను ఆపేశారు. ఇంధన పన్ను పెంచుతారన్నది తక్షణ కారణం. నగరాలకు దూరంగా ఉండి, కారు లేనిదే ఉద్యోగానికి వెళ్లలేనివాళ్లకు అది నేరుగా జేబుకు తగిలే దెబ్బ. పైగా అదే ఏడాది మొదట్లో మాక్రాన్ ప్రభుత్వం సంపద పన్నును ఎత్తేసి, స్థిరాస్తుల మీద మాత్రమే ఉంచింది. మా దగ్గర తీసుకుని వాళ్లకు వదిలేస్తారా అన్నదే ఆ కోపం. నెల తిరక్కముందే ప్రభుత్వం దిగొచ్చింది. ఇంధన పన్ను పెంపు రద్దయింది. డిసెంబర్ 10న కనీస వేతనం దగ్గర పనిచేసేవాళ్లకు నెలకు 100 యూరోల అదనపు ఆదాయం ప్రకటించారు. సంపద పన్ను మాత్రం తిరిగి రాలేదు. కార్మికుడి జేబులోకి వచ్చిన ఆ డబ్బు ధనికుడి జేబులోంచి రాలేదు, ఖజానాలోంచి వచ్చింది. ఆక్యుపైవాళ్లు భయపడింది దీనికే. ఏ ప్రభుత్వమైనా బేరానికి కూర్చుంటే తనకు తేలికైనది ముందు ఇస్తుంది, కష్టమైనది రేపు చూద్దామంటుంది. ఆ రేపటికి కూడలిలో ఎవరుంటారన్నది తేల్చుకోని ఉద్యమం అక్కడే ఆగిపోతుంది.

చిలీ కథ దీనికి తలకిందులు. 2019 అక్టోబర్‌లో శాంటియాగో మెట్రో చార్జీ 30 పెసోలు పెరిగింది, విద్యార్థులు టికెట్ గేట్లు దూకారు. చూస్తుండగానే '30 పెసోలు కాదు, 30 ఏళ్లు' అన్న నినాదం, అంటే సైనిక నియంతృత్వం పోయాక గడిచిన ముప్పై ఏళ్ల మీది కోపం, దేశమంతా పాకింది. అక్టోబర్ 25న ఒక్క రాజధానిలోనే పది లక్షల మందికి పైగా వీధుల్లోకి వచ్చారు. చార్జీ పెంపు వెనక్కి పోయినా ఎవరూ ఇంటికి పోలేదు. 2020లో కొత్త రాజ్యాంగం కావాలని 78 శాతం ఓటేశారు. తీరా ముసాయిదా వచ్చాక, 2022 సెప్టెంబర్‌లో దాదాపు 62 శాతం మంది దాన్ని తిరస్కరించారు. 2023 డిసెంబర్‌లో రెండో ముసాయిదా కూడా ఓడిపోయింది. వీధిలో ఒక్కటైన జనం కాగితం మీదికొచ్చేసరికి విడిపోయారు. 'ఇది వద్దు' అనడంలో ఉన్నంత ఐక్యత 'ఇది కావాలి' అనడంలో ఉండదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు గానీ, ముందే ఎరిగి ఉండాలి. ఆ వెల్లువలోంచే వచ్చిన ప్రభుత్వం 2023లో వారపు పని గంటలను 45 నుంచి దశలవారీగా 40కి తగ్గించే చట్టం చేసింది. రాజ్యాంగం కంటే చిన్నదే, కానీ పనివాడికి రోజూ చేతికందేది.

ఈ లెక్కల మధ్య మరిచిపోకూడనిది మూల్యం. చిలీలో రబ్బరు గుళ్లకూ బాష్పవాయు గోళాలకూ 400 మందికి పైగా కళ్లకు గాయాలయ్యాయి, కొందరి చూపు పోయింది. కెన్యాలో 2024 జూన్ 26న పన్నుల బిల్లు వెనక్కి వెళ్లింది, కానీ అంతకు ముందురోజే పార్లమెంటు దగ్గర కాల్పుల్లో యువకులు ప్రాణాలు వదిలారు. రోజు కూలీ ఒక్క పూట ఊరేగింపుకు వస్తే ఆ పూట కూలి పోతుంది. జీతం నష్టపోనివాళ్లు 'ఇంకా పోరాడాలి' అని ఉపదేశించడం నాకు మింగుడుపడదు. మనుషులు ఇంత పణం పెట్టి వస్తున్నప్పుడు, ఏం అడగాలో, ఎవరిని అడగాలో, ఇవ్వకపోతే మర్నాడు ఏం చేయాలో ఆలోచించి ఉండటం పిలుపు ఇచ్చినవాళ్ల బాధ్యత.

స్వీడన్‌లో సమానత్వం దానంతటదే పుట్టిందనుకుంటారు చాలామంది. 1931 మే 14న ఒడాలెన్ లోయలో, సమ్మెలో ఉన్నవాళ్ల పనిలోకి వేరేవాళ్లను దింపినందుకు ఊరేగింపు తీసిన కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఐదుగురు చనిపోయారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో సోషల్ డెమోక్రాట్లు గెలిచి, 1976 దాకా దాదాపు ఎడతెగకుండా అధికారంలో ఉన్నారు. 1938లో సాల్ట్‌షోబాడెన్‌లో కార్మిక సమాఖ్య, యాజమాన్యాల సమాఖ్య ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఊరేగింపు ఒక్కటే అయితే ఆ ఐదుగురూ స్మారక శిలగా మిగిలేవాళ్లు. చందా కట్టే యూనియన్, గెలవగల పార్టీ అప్పటికే ఉన్నాయి కాబట్టి ఆ కోపానికి వెళ్లే దారి దొరికింది.

ఇక కాలం సంగతి. 1838లో బ్రిటన్ కార్మికులు ఆరు డిమాండ్లతో ఒక పత్రం రాసుకున్నారు. చార్టిస్టులంటే వాళ్లే. అడిగింది ఓటు హక్కే అయినా, ఇది పళ్లెంలోకి తిండి వచ్చే ప్రశ్న అని వాళ్ల నాయకుల్లో ఒకరు అప్పుడే తేల్చి చెప్పారు. 1842లో 30 లక్షలకు పైగా సంతకాలతో పిటిషన్ పెడితే పార్లమెంటు తోసిపుచ్చింది. 1848 ఏప్రిల్ 10న లండన్‌లోని కెన్నింగ్టన్ కామన్‌లో పెద్ద సభ పెట్టి మరో పిటిషన్ తీసుకెళ్లారు. అందులో విక్టోరియా రాణి పేరుతో కూడా దొంగ సంతకం ఉందని బయటపెట్టి నవ్వారు. ఉద్యమం పని అయిపోయిందన్నారు. కానీ వాళ్లు వద్దన్న, పార్లమెంటు సభ్యుడికి ఆస్తి ఉండాలన్న నిబంధన 1858లో పోయింది. రహస్య ఓటు 1872లో వచ్చింది, ఎంపీలకు జీతం 1911లో, పురుషులందరికీ ఓటు 1918లో వచ్చాయి. నియోజకవర్గాలు ఇంచుమించు సమానంగా ఉండాలన్నదీ క్రమంగా అమలైంది. ఏటా పార్లమెంటు ఎన్నికలు జరగాలన్న ఆరో డిమాండ్ ఒక్కటే ఇంకా తీరలేదు.