అడ్డం తిప్పితే మాయమైన ఉల్లిగడ్డలు

కర్నూలు మార్కెట్‌లో ఒక ఉల్లిగడ్డల మండీకి యాప్ చూపించి రమ్మని మొన్న నన్ను పంపారు. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర. అంతే యాప్. ఆఫీసు ఫోన్‌లో భేషుగ్గా పనిచేసింది. ఆ ఫోన్‌లో ఆటో రొటేట్ ఎవరో ఎప్పుడో ఆపేశారని తర్వాత తెలిసింది.

శెట్టి గారు ఒక్కో అక్షరాన్నీ చూపుడువేలితో వెతుక్కుంటూ 17 మంది రైతుల లెక్క కొట్టారు. ముప్పావు గంట. నాకు రెండు టీలు. పద్దెనిమిదో రైతు దగ్గర, "అక్షరాలు శానా సన్నంగా ఉండాయప్పా" అంటూ ఫోన్ అడ్డం తిప్పారు.

తెర తెల్లగా, నున్నగా, అప్పుడే సున్నం కొట్టిన గోడలా మెరిసింది. ఒక్క బస్తా లేదు.

ఇక్కడ ఆండ్రాయిడ్ గుణం చెప్పాలి. మంచం దిక్కు మారిస్తే మనం దుప్పటి సర్దుకుంటాం. అది ఇల్లే పడగొట్టి మళ్ళీ కట్టి గృహప్రవేశం చేస్తుంది. కూల్చడానికి ఆన్‌పాజ్, ఆన్‌స్టాప్, ఆన్‌డిస్ట్రాయ్ అని మూడు మెట్లు, వెంటనే మళ్ళీ కట్టడానికి ఆన్‌క్రియేట్. కూల్చే ముందు మర్యాదగా పిలుస్తుంది కూడా, సామాను ఏమన్నా ఉంటే ఈ మూటలో కట్టుకోమని. ఆ మూట పేరే బండిల్. లిస్టంతా యాక్టివిటీలోనే, అంటే ఆ కూలే ఇంట్లోనే పడేసిన నేను ఏమీ కట్టుకోలేదు. బస్తాల వ్యాపారికి యాప్ చేస్తూ మూట కట్టడం మరిచాను!

"నా బస్తాలు యాడికి పోయినాయప్పా?"

"సర్వర్ కొంచెం స్లో సార్" అన్నాను. ఆ యాప్‌కి సర్వరే లేదు.

"మళ్ళా నిలువుకి తిప్పు సామీ, వస్తాయేమో" అన్నాడొక హమాలీ. తిప్పారు. ఇల్లు మళ్ళీ కూలింది, మళ్ళీ లేచింది. టీ కుర్రాడు ఫోన్ తీసుకుని నాలుగుసార్లు దులిపాడు.

టీం లీడ్‌కి ఫోన్ చేస్తే, "నిలువుకి లాక్ చేసి పడేయ్" అన్నాడు. శెట్టి గారి అబ్బాయి ట్యాబ్ కొంటున్నాడట. ఆండ్రాయిడ్ 16 కోసం తయారైన యాప్‌లైతే పెద్ద తెర మీద ఆ లాక్‌ను ఆండ్రాయిడ్ ఖాతరు చేయదు. మొదట్లో నేను వ్యూమోడల్, అంటే ఇల్లు కూల్చి కట్టినా సామాను చెదరకుండా దాచే అర, వాడదామంటే "ఇంత చిన్నదానికి అవన్నీ ఎందుకు" అన్నదీ ఈయనే. ఆ మాట ఫోన్‌లో అనలేకపోయాను. ఇక్కడ అంటున్నాను.

రాత్రికి రాత్రి వ్యూమోడల్ పెట్టాను. పెనం మీద రొట్టెలా ఫోన్‌ని తిప్పి తిప్పి చూశాను. లెక్క కదల్లేదు.

నిన్న పొద్దున శెట్టి గారు పది మంది లెక్క కొట్టాక అల్లుడు ఫోన్ చేశాడు. మాట్లాడి, మనవడి వీడియోలు చూసి, ఎవరికో ఫోటోలు తీసి పంపి, తీరిగ్గా యాప్‌లోకి వచ్చారు. ఈలోగా మెమరీ చాలక ఫోన్ మా యాప్ ప్రాసెస్‌నే చంపేసింది. వ్యూమోడల్ తిప్పుడుకు తట్టుకుంటుంది గానీ చావుకు కాదు.

శెట్టి గారు ఈసారి ఏమీ అడగలేదు. గల్లా పెట్టె కింద నుంచి చిట్టా పుస్తకం తీసి, నా ముఖం ముందు ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పట్టి చూపించారు. తర్వాత టీ కుర్రాణ్ణి పిలిచి, రెండు రోజుల టీల డబ్బులు నా దగ్గర తీసుకోమన్నారు.