కార్మిక సంఘంలో చేరితే కూలి పెరుగుతుందా? ఒక నిష్పాక్షిక పరిశీలన

సంఘంలో చేరితే కూలి పెరుగుతుందనే మూఢనమ్మకం పలాస జీడి ఫ్యాక్టరీల నుంచి పైడిభీమవరం మందుల కంపెనీల దాకా పాకిపోయి ఉంది. దాన్ని శాస్త్రీయంగా ఖండించడం శ్రీకాకుళం జిల్లా పౌరుడిగా నా బాధ్యత. నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. జీడిపప్పుతో ఉంది, అదీ విరగని గుండుతోనే. విరిగిన బద్ద ముట్టను.

సంఘాలు బలంగా ఉన్నచోట జీతాలు ఎక్కువని కొందరంటారు. ఏది ముందు, ఏది వెనక? జీతం బాగుంటేనే కదా చందా కట్టే తాహతు వచ్చేది! కాబట్టి సంఘాలు పోవాలంటే జీతాలు తగ్గించాలి. నేనీ సూత్రం కనిపెట్టకముందే మా వైపు అమల్లో ఉంది, అది వేరే సంగతి.

ఇంకో రుజువు. ఒకే మిల్లులో చందా కట్టినవాడి జీతం, కట్టనివాడి జీతం పక్కపక్కన పెట్టి చూడండి. కార్మిక శాఖ అధికారి రాజీ కుదిర్చిన ఒప్పందం సభ్యులకే కాదు, అక్కడ పనిచేసే అందరికీ, రేపు చేరబోయేవాళ్లకీ వర్తిస్తుందని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 18(3) సెక్షన్‌లోనే రాసిపెట్టారు. సమ్మెలో ఎండకు మాడినవాడికీ ఇంట్లో పడుకున్నవాడికీ పెంపు ఒక్కటే. తేడా లేదు కనుక సంఘం వల్ల లాభం సున్నా అని తేలిపోయింది.

ఇక జీడి పని చేసే ఆడవాళ్లు. పిక్క కోస్తే జీడి రసం చెయ్యి కాలుస్తుంది, బూడిద పూసుకుని కోసేవారు. పప్పు పొట్టు తీస్తే కిలోకింత. రోజు కూలి కాదు కాబట్టి, వచ్చింది చాలకపోతే తప్పు వేళ్లదే. గుండు విరిగి బద్దయిందా, అదీ వేళ్లదే.

యజమానులు మాత్రం కలిసి కూర్చోక తప్పదు, పాపం. ఉద్దానం రైతు తెచ్చిన 80 కిలోల పిక్కల బస్తా ఎంతకు కొనాలి, పొట్టుకు కిలోకెంత ఇవ్వాలి, ఇవి పెద్దమనుషులు ఎవరింట్లో వాళ్లు తేల్చుకోగల విషయాలా? ఆడవాళ్లు నలుగురు గేటు దగ్గర కూర్చుంటే మాత్రం అది రాజకీయం.

ఈ విషయంలో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కాస్త మర్యాద తప్పింది. యజమానులు తమలో తాము వ్యవహారాలు చక్కబెట్టుకోవడానికి కట్టుకున్న కూటమి కూడా ట్రేడ్ యూనియనేనట! ఆ రెండు పాత చట్టాల స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ మాట తీసెయ్యలేదు. పైగా కార్మికుల తరఫున ఒక్క సంఘమే బేరానికి కూర్చోవాలంటే 51 శాతం మద్దతు చూపమంటుంది ఆ కోడ్. కాంట్రాక్టరు మారితే మనుషులూ మారిపోయే చోట ఆ తలలు ఎవరు లెక్కపెడతారు? యజమానులకు ఆ చిక్కు లేదు. వాళ్ల తలలు మారవు.

కాశీబుగ్గ టీ కొట్టు దగ్గర ఇదంతా పొట్టు తీసే ఒకామెకే వివరించాను. ఓపిగ్గా విని, "అయితే బాబూ, సంఘం కడితే ఏటీ రాదంతావు. మరి ఓనర్లెందుకు కట్టుకున్నారు?" అంది.

ప్రశ్న అర్థశాస్త్రం పరిధిలోకి రాదు. పనికి ఆలస్యమైతే కిలోలు తగ్గుతాయని ఆమెకు గుర్తుచేశాను.