వనభోజనాల్లో ఆ బల్ల ఎందుకు ఎత్తేశారు?

ఈసారి అమెరికాలోని మన తెలుగు సంఘం కార్తీక వనభోజనాల్లో కుర్రకారు ఒక బల్ల వేసి, కొండల్లో ఒక ఏటి మీద తలపెట్టిన జలవిద్యుత్ ఆనకట్ట వివరాలు పెట్టారు. "వీసాల మీద ఉన్నవాళ్ళం, ఈ గొడవలు మనకెందుకు?" అంటూ పెద్దలు గంటలోపే దాన్ని ఎత్తించేశారు. పులిహోర బల్ల మాత్రం సాయంత్రం దాకా ఉంది.

పెద్దల మనసు అర్థం కానిది కాదు. కాటన్ దొరకు గోదావరి గట్టున పిండప్రదానం చేసే జాతి మనది. ఆనకట్ట వద్దనడం నోటికి రాదు. అయితే సాగర్ కోసం నాగార్జునకొండ లోయను ముంచుకున్నదీ మనమే. ఏ నీటికి ఏది వదులుకుంటున్నామో లెక్క అడగడం ద్రోహమేమీ కాదు.

అడిగితే ఏమవుతుందో ఎకో పార్క్ (Echo Park) అనే లోయ కథ చెబుతుంది. కొలరాడో, యూటా సరిహద్దులోని డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్‌లో, యాంపా నది గ్రీన్ నదిలో కలిసేచోట ఉన్న ఆ లోయలో ఆనకట్ట కట్టాలని బ్యూరో ఆఫ్ రెక్లమేషన్, అంటే అమెరికా ప్రభుత్వ నీటి ప్రాజెక్టుల శాఖ, పట్టుబట్టింది. దాన్ని మానేసి దిగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్టను ఎత్తు పెంచితే ఏటా 1,65,000 ఎకరా-అడుగులు (ఎకరం నేల మీద అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు), అంటే మన భాషలో ఏడు టీఎంసీల పైచిలుకు, అదనంగా ఆవిరైపోతాయన్నది వాళ్ళ ప్రధాన వాదన.

1954 జనవరిలో ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెరా క్లబ్ తరఫున డేవిడ్ బ్రోవర్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు నిలబడ్డాడు. ఇంజనీరు కాదు, డిగ్రీ కూడా పూర్తి చేయలేదు. బ్యూరో పట్టికలనే తీసుకుని కూడికలు, తీసివేతలు చేసి చూపించాడు. గ్లెన్ కాన్యన్‌లో పెరిగే ఆవిరి నష్టాన్ని లెక్కించినవాళ్ళు, ఎకో పార్క్‌నూ, దానితో పాటే తలపెట్టిన స్ప్లిట్ మౌంటెన్ జలాశయాన్నీ కట్టకపోతే ఆవిరి కాకుండా మిగిలే 95,000 ఎకరా-అడుగులను తీసేయడం మరిచారు. అసలు తేడా 70,000. తర్వాత ప్రభుత్వమే తప్పు ఒప్పుకుని ఆ అంకెను ఇంకా కిందికి దించింది. 1956 ఏప్రిల్‌లో చట్టమైన బిల్లులో ఎకో పార్క్ లేదు. ఎక్సెల్‌లో పొద్దు గడిపే మనవాళ్ళకు ఇంతకన్నా తగిన పని ఏముంది?

అక్కడే ఒక పొరపాటూ జరిగింది. ఎకో పార్క్‌ను కాపాడే తొందరలో క్లబ్ వాళ్ళు, తాము సరిగా చూడని గ్లెన్ కాన్యన్‌ను ప్రత్యామ్నాయంగా ఒప్పుకున్నారు. 1963లో గేట్లు మూసుకుని ఆ లోయ మునిగింది. బ్రోవర్ ఆ బాధ జీవితాంతం మోశాడు. కాబట్టి అభ్యంతరం రాసేటప్పుడు "ఇక్కడ వద్దు, అక్కడ కట్టుకోండి" అనకండి.

ఇవాళ ఫెడరల్ ప్రభుత్వానివి కాని జలవిద్యుత్ ప్రాజెక్టులు చాలావరకు ఫెర్క్ (ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్) లైసెన్సు కోసం వెళ్తాయి. ప్రిలిమినరీ పర్మిట్ వచ్చిందంటే కట్టడం మొదలైనట్టు కాదు. మొదటి విడతలో గరిష్ఠంగా నాలుగేళ్ళు, ఆ చోటికి లైసెన్సు అడగడంలో ముందు వరుస హక్కు, అంతే. కానీ ఆ దశలోనే మేలుకోవాలి. ఫెర్క్ సైటులో కామెంట్ రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు. పైన "P-"తో మొదలయ్యే ప్రాజెక్టు నంబరు తప్పనిసరిగా వేయండి, లేకపోతే మీ ఉత్తరం ఆ ఫైల్లోకి చేరదు. అందరూ ఒకే నమూనా పంపితే అందులో ఉన్నది ఒక్క వాదనే. దానికన్నా ఏటి ప్రవాహపు కొలత, చేప గుడ్లు పెట్టే నెల, కొండదారి మునిగే చోటు, వీటిలో మీకు తెలిసిన ఒక్కటి రాయండి. ఉత్తరం బహిరంగమవుతుంది గనుక లోపల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు వద్దు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఆ కుర్రాళ్ళకు ఒక గంట ఇవ్వండని నా విన్నపం. వీసా భయం ఉన్నవాళ్ళు సంతకం చేయకపోయినా పట్టికలు సరిచూడొచ్చు. సంఘం తరఫున ఒకరు గడువులోపు 'మోషన్ టు ఇంటర్వీన్', అంటే మమ్మల్నీ ఈ విచారణలో కక్షిదారుగా చేర్చమనే అర్జీ, వేయాలి. కామెంట్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే, లైసెన్సు వచ్చాక ముప్పై రోజుల్లో పునర్విచారణ కోరే హక్కు మనకుండదు.