ప్రభావిత కుటుంబాలు: సున్నా

ప్రభుత్వ భూమిలో సోలార్ పార్కో మరొకటో కట్టడానికి ప్రణాళిక వేసేముందు దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు, ఆడవాళ్ల పనేమవుతుంది, దళితవాడ గతేమిటి, సెంటు భూమి లేనివాడు ఏమవుతాడు అని లెక్క తీయాలంటారు పెద్దలు. మంచి మాటే. కానీ ఆ లెక్కంతా తీసి, చివరి పేజీలో 'ప్రభావిత కుటుంబాలు: సున్నా' అని రాయడం అల్లాటప్పా వ్యవహారం కాదు. అనంతపురం జిల్లాలో ఏ ఊరి బీట్లోనైనా వానకాలం ఒక పూట నిలబడండి, పదిమంది ఎదురవుతారు. ఆ పదిమందిలో ఒక్కరూ కాగితం మీదికి ఎక్కకుండా చూసుకోవాలంటే చదువుండాలి, ఓర్పుండాలి, అన్నిటికీ మించి కాలజ్ఞానం ఉండాలి. బ్రహ్మంగారు తిరిగిన సీమ కాబట్టి మనవాళ్లకు ఆ మూడోది ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

ముందు చట్టాల సంగతి. 2013 భూసేకరణ చట్టం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు జడుసుకుంటారు. నాలుగో సెక్షన్ సామాజిక ప్రభావ అంచనా చేయమంటుంది, ఆరు నెలల్లో ముగించమంటుంది. మేత భూములు, పశువులు నీళ్లు తాగే చోట్లు, శ్మశానాలు కూడా చూడమంటుంది. ఐదో సెక్షన్ ఊళ్లోకి వెళ్లి బహిరంగ విచారణ పెట్టమంటుంది. అంతటితో ఊరుకోదు. భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడే బతుకుతున్న కూలీని, కౌలుదారును కూడా ప్రభావిత కుటుంబమే అంటుంది. కంగారు పడకండి. ఇదంతా భూమిని సేకరిస్తేనే. తన భూమిని ప్రభుత్వం తానే సేకరించుకోదు గదా! అడంగల్లో, అంటే ఊరి భూముల లెక్కల పుస్తకంలో, సర్వే నంబరు ఎదురుగా 'గయాళు' (సాగులో లేని భూమి) అనో 'మేత పోరంబోకు' అనో ఉంటే చాలు, ఆ భూమి ఒక శాఖ నుంచి మరో శాఖకు ఫైలు మీద కూర్చుని వెళ్లిపోతుంది. దారిలో నాలుగు పట్టా కమతాలు అడ్డొచ్చినా, 2018లో మన రాష్ట్రం చేసుకున్న సవరణ ఉంది. పారిశ్రామిక కారిడార్లు, పేదల ఇళ్లు, గ్రామీణ మౌలిక వసతుల వంటివాటికి ఈ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకోవచ్చు.

పర్యావరణ అనుమతి మాట ఎత్తుతారా? 2006 నోటిఫికేషన్ కింద సౌర ఫలకాల ప్రాజెక్టుకు అది అవసరం లేదు, కాబట్టి ఆ దారిన రావాల్సిన ప్రజాభిప్రాయ సేకరణా లేదు. గిరిజన ఊళ్ల గ్రామసభలకు అధికారమిచ్చే పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాలకే వర్తిస్తుంది. రాయలసీమలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు, నంద్యాల వైపు నల్లమల చెంచుగూడేలతో సహా. ఇక మిగిలింది 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 58వ సెక్షన్. మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, బండిబాటలు పంచాయతీకి చెందుతాయని అందులో ఉన్న మాట నిజమే. దానికి ఒక తీర్మానం చాలు. తీర్మానాల పుస్తకం ఎవరింట్లో ఉంటుందో ఊరందరికీ తెలుసు.

ఇన్ని జల్లెళ్లు దాటాక కూడా అప్పిచ్చే సంస్థ ఏదో 'సమానత్వ, సమ్మిళిత అంచనా నివేదిక' జతచేయమని అడుగుతుంది. అసలు పనితనం ఇక్కడే కావాలి.

సర్వేకు ముహూర్తం ఏప్రిల్, మే. దీంట్లో రాజీ పడకూడదు. ఎందుకంటే మన మెట్ట ఊళ్లలో జూన్ చివరి నుంచి చేలన్నీ శెనక్కాయ కింద ఉంటాయి. అక్టోబరు, నవంబరులో పంట పీకేదాకా ఏ చేలోకీ మంద దిగడానికి లేదు. ఆ నాలుగైదు నెలలూ ఊరి గొర్రెలన్నిటికీ దిక్కు బీడే, గుట్టే. పంట వచ్చాక గొర్రెలు కొయ్యకాలు చేలల్లోకి దిగుతాయి. ఆ తర్వాత కొన్ని మందలు తుంగభద్ర కాలువల కింది మాగాణులకు వలసపోతాయి. అక్కడి రైతు ఎరువు కోసం చేలో మంద కట్టించుకుని గింజలో, రూపాయలో ఇస్తాడు. ఇటు బీడులో సీతాఫలం చెట్టు ఆకు రాల్చి మోడై ఉంటుంది, కాయ రావాలంటే వానలు పడాలి. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు, జనం బెంగళూరులో కట్టడాల దగ్గర. అలాంటి రోజున, మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు తీసిన ఫోటో కన్నా బలమైన ఆధారం ఇంకేముంటుంది? 'క్షేత్ర పరిశీలనలో సదరు భూమి నిరుపయోగంగా ఉన్నట్లు గమనించడమైనది.' ఒకటి రెండు మేకలు కనబడితే ఫోను కాస్త పక్కకు తిప్పండి. మేకలకు ముహూర్తాల పట్టింపు లేదు.

తర్వాత గ్రామసభ. నోటీసు సచివాలయం బోర్డు మీద అంటించాలి, పింఛను జాబితా కింద. చాటింపు వేయించాల్సిందే, కానీ పదిగంటలకు వేయించాలి, అప్పటికి పనులకు పోయేవాళ్లు పోయి ఉంటారు. సభ పదకొండుకు. తాండా మూడు కిలోమీటర్ల అవతల ఉంటుంది గనక అక్కడికి చాటింపు చేరేసరికి సభ చివరికొస్తుంది. మహిళల భాగస్వామ్యం కావాలంటే దిగులెందుకు, యానిమేటర్‌కు ఒక్క ఫోను చేస్తే డ్వాక్రా సంఘాలు వస్తాయి. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి ఫోటో తీయించండి, మైకు మాత్రం వెనక్కి పోనీయకండి. హాజరు పట్టీలో పేరు, ఊరు, సంతకం లేదా వేలిముద్ర, ఈ మూడు గడులు చాలు. 'ఏమన్నారు' అనే గడి పెట్టడం అనుభవం లేనివాళ్లు చేసే పని. పట్టీ పైభాగం రెండంగుళాలు ఖాళీగా ఉంచితే తీర్మానం తీరిగ్గా రాసుకోవచ్చు.

ఎంత జాగ్రత్తపడినా కురబ పెద్దాయన ఒకరు లేచి, "సార్, మా మందను యాడికి తోలుకోని పోవల్ల?" అని అడుగుతాడు. అడగనివ్వండి. మినిట్స్‌లో 'పశుగ్రాసంపై ఒక సూచన అందినది' అని రాయండి. వెనకనుంచి ఒకామె, "కట్టెలకు ఏమైతాం సామీ?" అంటే, 'ప్రత్యామ్నాయ ఇంధనంపై అవగాహన కల్పించడమైనది' అని. గ్యాసు బండ ధర గురించి ఆమె తర్వాత అన్నది మినిట్స్ పరిధిలోకి రాదు.

ప్రశ్నావళిలో ప్రాణమంతా రెండు గడుల్లో ఉంది. మొదటిది 'కుటుంబ పెద్ద'. అక్కడ మగవాడి పేరు పడుతుంది. ఆయన బీడుకు పోయి కట్టెలు ఏరడు కాబట్టి ఆ కుటుంబానికి బీడుతో సంబంధం లేదు. రెండోది 'ప్రధాన జీవనాధారం'. ఇది బహు గొప్ప గడి. ఒక ఒంటరి ఆడమనిషి బతుకు తీసుకోండి. వేసవిలో ఉపాధి హామీ పని. మే చివరి నుంచి వేపగింజలు ఏరి వ్యాపారికి తూకానికి వేస్తుంది. వానలు పడ్డాక సీతాఫలాలు గంపకెత్తి బస్టాండులో అమ్ముతుంది. రెండు మేకలున్నాయి, పండక్కో జబ్బుకో ఒకదాన్ని అమ్ముతుంది. రోజూ పొయ్యిలోకి కట్టెలు బీడువే. ఇందులో ఏది ప్రధానం? ఏదీ కాదు. దేన్ని విడిగా చూసినా పావలా వంతు కూడా దాటదు. బీడు ఇచ్చే నాలుగు అప్రధానాలు కలిస్తే ఒక ప్రధానం అవుతుందని ఏ మార్గదర్శకాల్లోనూ రాయలేదు. ఆ గడిలో 'కూలి' అని రాసి ముందుకు పొండి. భూమికి, ఆమెకు ముడి తెగిపోయింది.

మరీ నిష్ఠగా పనిచేసేవాళ్లతో ప్రమాదం ఉంది. వాళ్లు రాత్రి ఏడు దాటాక, వంటలయ్యాక, ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. గొర్రెలవాళ్లతో మాట్లాడడానికి రచ్చకట్టకు కాకుండా మంద దగ్గరికే పోతారు. 'ఈ భూమి ఎవరిది' అని అడగరు, 'ఏ నెలలో ఎవరొస్తారు, ఏం పట్టుకుపోతారు' అని అడుగుతారు. నేలమీద పన్నెండు గళ్లు గీసి చింతగింజలు పెట్టించి నెలవారీ వాడకం తీస్తారు. గేరి గేరికీ విడి లెక్క రాస్తారు, ఊరంతటికీ సగటు కట్టరు. బీడు పోతే ఆ మేత, ఆ కట్టెలు కొనుక్కోవడానికి ఏడాదికి ఎంతవుతుందో ఇంటికింత అని కడతారు. వేసవిలో ఒక గొర్రెకు రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు కావాలి, వంద గొర్రెలకు ఎక్కడినుంచి తెస్తారని అడుగుతారు. ఇలాంటివాళ్లను పంపితే పట్టిక నిండిపోతుంది. నిండిన పట్టికకు కింద మొత్తం కట్టాల్సి వస్తుంది.

ఇలాంటి నిష్ఠకు కడప జిల్లాలో ఒక పాత ఉదాహరణ ఉంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో లంకమల వైపు మళ్లీ కనబడింది. రాత్రిపూట తిరిగే పిట్ట, మనిషి కంట పడదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిపట్టీలు పరిచి పొద్దున్నే కాలిగుర్తులు వెతికారు, కెమెరాలు పెట్టారు. ఉందని తేలాక తెలుగుగంగ కాలువ దారే మార్చారు. చాలా మంచి పని, పిట్టను తప్పుపట్టడానికి లేదు. అయితే బీడులో మనుషుల కాలిబాట అడుగున్నర వెడల్పున, గడ్డి మొలవకుండా, పగటిపూటే కనబడుతుంది. దానికి మట్టి పరవాల్సిన అవసరం కూడా లేదు. అందుకే కాబోలు ఎవరూ వంగి చూడరు.

కంచె లెక్క నివేదికలో ఎప్పుడూ పొడవులోనే ఉంటుంది, ఇన్ని కిలోమీటర్ల మెష్, ఇన్ని స్తంభాలు అని. నడిచేవాళ్ల లెక్క వేరు. గని, శకునాల దగ్గర కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లకు దాదాపు 5,900 ఎకరాలు తీసుకుంది. అంటే సుమారు 24 చదరపు కిలోమీటర్లు. అంత భూమి చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో పక్క దాదాపు ఐదు కిలోమీటర్లు. ఇటు పక్క మధ్యలో ఉన్న ఊరినుంచి అటు పక్క మధ్యలో ఉన్న గుట్టకు అడ్డంగా నడిస్తే ఐదు, కంచె చుట్టూ తిరిగితే పది. నెత్తిన ఇరవై కిలోల మోపుతో ఆ తేడా గంటంబావు. రోడ్డు మీద వాహనాలకు బైపాస్ వేస్తే ప్రగతి అంటాం, కాబట్టి మనిషికి బైపాస్ వేసినా అదే పద్దులో రాసుకోవచ్చు. కంచె గీసేముందు పాత బాటలను పటం మీద వేసి, వాటి వెంబడి మంద పట్టేంత వెడల్పున దారి వదిలితే ఈ తిప్పలు ఉండవు. కానీ అప్పుడు ఫలకాల వరసలు తెగుతాయి, తీగల పొడవు పెరుగుతుంది, ఇంజనీరు ముఖం చిట్లిస్తాడు.

డి.కె.టి. పట్టాల విషయంలో, అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూముల విషయంలో, కొంచెం జాగ్రత్త. ఆ పట్టా ఉన్నవాడికి సొంత పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. పట్టా లేకుండా తాత కాలం నుంచి దున్నుకుంటున్నవాడితో ఆ బాధ లేదు, రికార్డులో అతను ఆక్రమణదారు. కౌలుదారు గుర్తింపు కార్డుకు 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం కావాలి. యజమాని పెట్టడు. కార్డు లేదు, కౌలుదారు లేడు. ఎంత చక్కగా కుదిరింది!

శ్మశానం గురించి ఒక మాట. ఊరి శ్మశానానికి సర్వే నంబరు ఉంటుంది. మాదిగ గేరిలో చాలాచోట్ల వంక ఒడ్డునే పూడ్చుకుంటారు, అది రికార్డులో 'వంక పోరంబోకు'. వంకను చదును చేసేటప్పుడు అక్కడ సమాధులున్నాయని పొక్లెయిన్ డ్రైవరుకే ముందు తెలుస్తుంది. నివేదికలో మతపరమైన, సాంస్కృతిక స్థలాలు అనే శీర్షిక కింద అప్పటికే 'లేవు' అని టైపు అయి ఉంటుంది.

ఇక ఉపశమన చర్యలు. సున్నా కుటుంబాలకు ఉపశమనం దేనికని అడక్కండి, ఆ అధ్యాయం లేకపోతే నివేదిక వెనక్కి వస్తుంది. కుట్టుమిషను శిక్షణ రాయండి, అది ఎప్పుడూ నెగ్గుతుంది. దివ్యాంగుల కోసం ప్రాజెక్టు ఆఫీసుకు ర్యాంపు రాయండి, ఆఫీసుకు బస్సు లేకపోవడం రవాణా శాఖ విషయం. 'స్థానికులకు ఉపాధి' రాయండి. స్తంభాలు పాతేటప్పుడు కొన్ని నెలలు నిజంగానే కూలి దొరుకుతుంది. ఆ తర్వాత కావల్సింది కాపలా, ఫలకాల మీద దుమ్ము కడగడం, కింద మొలిచిన గడ్డి కోయడం, అంతా కాంట్రాక్టరు చేతిలో. ఆ గడ్డి ముచ్చట ప్రత్యేకం. కొన్ని దేశాల్లో ఫలకాల కింద గొర్రెలను మేపిస్తారు, కోత ఖర్చు తప్పుతుందని. మేకలను రానివ్వరు, అవి ఫలకాలెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. గొర్రెకు తల తగలనంత ఎత్తున కింది అంచు ఉండాలి, తీగలు గొట్టంలో ఉండాలి, అంతే. ఇక్కడ మాత్రం లోపల కూలి ఇచ్చి గడ్డి కోయిస్తాం, బయట గొర్రెలను అమ్మిస్తాం. రెండూ వేర్వేరు పద్దులు కాబట్టి ఆడిట్‌లో అభ్యంతరం రాదు.

అర్జీల ఏర్పాటు తప్పనిసరి. సోమవారం కలెక్టరేట్‌కు పోయి రసీదు తీసుకోవచ్చు. అర్జీ అక్కడినుంచి ఆర్డీవోకు, ఆయన దగ్గర్నుంచి తహసీల్దారుకు, తహసీల్దారు నుంచి వీఆర్వోకు దిగుతుంది. మొదట ఆ భూమి నిరుపయోగమని రాసిచ్చిన వీఆర్వో ఆయనే. కాబట్టి విషయం తెలిసిన మనిషి చేతికే చేరినట్టు. 'రికార్డుల ప్రకారం ప్రభుత్వ భూమి. అర్జీదారునికి హక్కు లేదు. పరిష్కరించడమైనది' అని ఆయన రాయగానే ఫోనుకు సందేశం వెళుతుంది. ఆ తర్వాత రికార్డు చేసిన గొంతుతో ఒక కాల్ కూడా వస్తుంది, పరిష్కారంతో తృప్తి చెందారా లేదా అంకె నొక్కి చెప్పమని. అర్జీ మీద రాసిన నంబరు మాత్రం బెంగళూరులో సెంట్రింగ్ పని చేసుకునే కొడుకుది, ఎందుకంటే ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే. అతను కాంక్రీటు పోస్తూ ఏ అంకె నొక్కితే అదే ఊరి అభిప్రాయం.