ఆయాసం ఉన్నవాళ్లని కూర్చోబెట్టి చంపకండి

పొద్దున గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో నాన్నని నడిపిస్తుంటే మా మేనత్త ఎదురొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టేసింది. "ఏమే, ఆయాసపడే మనిషిని ఇలా తిప్పుతావా, బుద్ధుందా నీకు?" అని అందరి ముందూ అరిచింది. నాన్న లేవబోయి, నా మొహం చూసి మళ్లీ కూర్చున్నారు. అది చూసినప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది.

నాన్నకి సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం వచ్చే జబ్బు. దాంతో పాడైన ఊపిరితిత్తులు మళ్లీ మామూలుగా కావు, నాకూ తెలుసు. కానీ నడక మానేస్తే కాళ్లలో కండ కరిగిపోతుంది, అప్పుడు బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా రొప్పే. రొప్పు వస్తోందని ఇంకా కూర్చుంటారు, కూర్చున్నకొద్దీ ఇంకా రొప్పు. ఈ ముక్క ఆరేళ్లు మాకెవరూ చెప్పలేదు. ఎన్ని ఆసుపత్రులు తిరిగినా ఇన్‌హేలర్ రాసి పంపారంతే. చివరికి ఒక డాక్టరమ్మ పల్మనరీ రిహాబ్‌లో, అంటే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి వ్యాయామం, ఊపిరి తీసే పద్ధతీ నేర్పే కోర్సులో చేర్పించారు. ఎనిమిది వారాల్లో, ఆరు నిమిషాల నడక పరీక్షలో 210 మీటర్ల మనిషి 285 నడిచారు. ఊపిరితిత్తులు అవే, కాళ్లు మారాయి!

కోర్సు అయిపోగానే "ఇంక చాల్లే" అన్నారు ఇంట్లో అందరూ. మానేస్తే ఏడాది తిరిగేలోపే వచ్చిన బలమంతా పోతుందని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పారు. అందుకే రోజూ తీసుకెళ్తున్నా. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేదాకా పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు సున్నా చుట్టి నాలుగు అంకెలదాకా వదులుతూ నడుస్తారు. వేలికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే క్లిప్పు ఉంటుంది. 88కి దిగితే ఆగమన్నారు, ఇవాళ 92 ఉంది. 92!

అయినా అత్తకి ఇప్పుడొచ్చిందా అన్నయ్య మీద జాలి? బీడీ ముట్టని మనిషి నాన్న. మిర్చి యార్డులో వీళ్ల కమీషన్ కొట్లోనే 28 ఏళ్లు గుమాస్తా. సీజన్లో మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య ఆ దుమ్ములో నిలబడి, రాత్రి ఇంటికొచ్చి దగ్గుతుంటే అమ్మ వీపు రాస్తూ కూర్చునేది. లోపల లెక్కల పని ఇవ్వమని అడిగితే "ఘాటు ఎవరికి లేదు బావా" అన్నాడు మావయ్య. అప్పుడు అత్త పక్కనే ఉంది, నోరెత్తలేదు.

అత్తా, ఇది చదువుతావని తెలుసు. రేపు కూడా ఐదున్నరకి వస్తాం. కావాలంటే పక్కన నడువు. నడిచేటప్పుడు మాత్రం నాన్నని మాట్లాడించకు, ఊపిరి లెక్క తప్పుతుంది.